జీఆర్‌ఈ వెర్బల్: పదాలు బట్టీ పడితే స్కోరు పెరుగుతుందా?

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈలో, క్వాంట్‌ (లెక్కల భాగం)లో 165 దాటిన ఇంజినీరింగ్ పిల్లలు కూడా వెర్బల్‌ (ఇంగ్లిష్ భాగం)లో 145 దగ్గర ఆగిపోయి మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: వర్డ్ లిస్టు మొత్తం వచ్చేస్తే వెర్బల్ వచ్చేసినట్టే.

వాస్తవం: యాంటనిమ్స్, అనాలజీలు ఉన్న రోజుల్లో ఆ మాటకు కొంత అర్థముండేది. అవి 2011లోనే పోయాయి. ఇప్పుడు పదం వాక్యంలోనే వస్తుంది. ‘పిసినారి అని పేరుపడ్డా, కూతురి పెళ్లికి మాత్రం ____ ఖర్చుపెట్టాడు.’ ఆప్షన్లు చూడకుండానే ఖాళీ నింపేస్తాం కదా? నింపించింది ‘పేరుపడ్డా’, ‘మాత్రం’. ఇంగ్లిష్ వాక్యంలోనూ ఆల్దో, డిస్పైట్ లాంటి మలుపు మాటను పట్టుకుని, ముందుగా ఖాళీలోకి మీ సొంత మాట ఒకటి అనుకోండి. ఆ తర్వాతే ఆప్షన్లు. మనవాళ్లు తిరగేసి చేస్తారు: ఆప్షన్లలో తెలిసిన పదం చూసి ఖాళీలో కూరేస్తారు.

ఒకే ఖాళీకి, వాక్యం అర్థం మారకుండా సరిపోయే రెండు పదాలు ఎంచుకోవాల్సిన సెంటెన్స్ ఈక్వివలెన్స్‌ ప్రశ్నల్లో ఇది మరీ ఎక్కువ. ఆరు ఆప్షన్లలో ఒకే అర్థమున్న జంట కనబడగానే క్లిక్ చేసేస్తారు. ఆ జంట వాక్యానికి అతకకపోవచ్చు. అలాంటి ఎర కావాలనే వేస్తారు. రెండింట్లో ఒకటి తప్పినా మార్కు రాదు. పదాలు అక్కర్లేదని కాదు, రోజుకు కాసిని చాలు. విడిగా కాకుండా వాక్యంలో చదవండి.

అపోహ: ప్యాసేజీ మనకు తెలిసిన టాపిక్ అయితే అదృష్టమే.

వాస్తవం: నాకైతే అప్పుడే భయం. కంప్యూటర్ సైన్స్ పిల్లాడికి కంప్యూటర్ల మీద ప్యాసేజీ ఇచ్చి చూడండి. బయట నిజమే అయినా ప్యాసేజీలో ఎక్కడా లేని ఆప్షన్‌ను ధీమాగా పెట్టేస్తాడు. ఏ వాక్యాన్ని బట్టి ఆ జవాబు పెట్టారో వేలు పెట్టి చూపించగలగాలి.

అపోహ: మొదటి సెక్షన్ పోయినా రెండోదాంట్లో లాగేయొచ్చు.

వాస్తవం: మొదటిది 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. అందులో ఎలా చేశారన్నదాన్ని బట్టే రెండోది (15 ప్రశ్నలు, 23 నిమిషాలు) ఎంత కష్టంగా ఉంటుందో తేలుతుంది. సులువు సెట్ వస్తే సంబరపడకండి, పెద్ద స్కోరు అందులో దొరకదు.

అపోహ: తెలియనిది వదిలేయాలి.

వాస్తవం: నెగటివ్ మార్కుల్లేవు. ఏదో ఒకటి పెట్టండి.

అపోహ: తక్కువొస్తే వెంటనే మళ్లీ రాసేయాలి.

వాస్తవం: 21 రోజులు ఆగాలి, 12 నెలల్లో 5 సార్ల వరకు రాయొచ్చు. ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. కానీ పాత మాక్‌ (నమూనా పరీక్ష)లో తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన ‘పదం తెలియలేదు’, ‘మలుపు చూడలేదు’, ‘ప్యాసేజీలో లేనిది పెట్టాను’ అని రాసుకోకుండా కొత్త స్లాట్ బుక్ చేస్తే ఫీజు దండగ.