కరిగితే అతికినట్టేనా?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించిన ప్లాస్టిక్ బంపర్ వారానికే మళ్లీ విచ్చుకుందంటే అందరూ ముందు పగుల్లో కరిగించి నింపే ప్లాస్టిక్ రాడ్‌నే అనుమానిస్తారు. తొందరపాటును అనుమానించడం మేలు. ప్లాస్టిక్‌లో ఉండేవి చాంతాళ్లలా చిక్కుపడిన పొడవాటి అణువులు. అతుకు నిలవాలంటే అంచులోవి రాడ్‌లోకి, రాడ్‌లోవి అంచులోకి చొరబడి పెనవేసుకోవాలి. అందుకు వేడి, ఒత్తిడి, కాస్త వ్యవధి మూడూ కావాలి. పైపైన కరిగించి పులిమితే నున్నగా కనిపిస్తుందే తప్ప లోపల పగులు అలాగే ఉంటుంది.

రాడ్ కూడా బంపర్ ప్లాస్టిక్ జాతిదే కావాలి. పీపీ (పాలీప్రొపిలీన్) మీద ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ పట్టదు. బంపర్ లోపలివైపు జాతి పేరు అచ్చువేసి ఉంటుంది. లేకపోతే చిన్న ముక్క కోసి మంచినీళ్లలో వేయండి. పీపీ, పాలిథిన్ తేలతాయి; ఏబీఎస్, పీవీసీ మునుగుతాయి. టాల్క్ అనే ఖనిజం పొడి ఎక్కువ కలిపిన పీపీ కూడా మునగవచ్చు. దగ్గరే ఉంది కదా అని సముద్రపు నీళ్లు వాడకండి. వాటి సాంద్రత ఏబీఎస్‌కు చాలా దగ్గర, ఫలితం తేలదు.

ముందు సబ్బునీళ్లతో ఉప్పు, జిడ్డు కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాతే గీకాలి. వరస మారితే మురికి గీతల్లోకి దిగుతుంది. ఎండకు తెల్లబారిన పొరలో అణువులు అప్పటికే తెగిపోయి ఉంటాయి కాబట్టి పగులుకు రెండువైపులా 5 మిల్లీమీటర్ల మేర గీకి తీసేయాలి. పగులు కొసన 3 మిల్లీమీటర్ల చిల్లు వేస్తే అది ముందుకు పాకదు. తర్వాత మందంలో మూడింట రెండొంతుల లోతున 'వి' ఆకారపు గాడి తీయాలి.

పీపీ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడిగాలి ప్లాస్టిక్‌ను చేరేలోపే చల్లారుతుంది కనుక దాన్ని ఊదే గన్‌ను 300 డిగ్రీల ప్రాంతంలో పెడతారు. గన్ మూతికి ఉండే మామూలు నాజిల్‌ను రాడ్‌కూ గాడికీ మధ్య ఊపుతూ రాడ్‌ను నొక్కుతుంటే నిమిషానికి జానెడు కూడా సాగదు. అంతే సాగాలి. రాడ్ రెండు పక్కలా సన్నటి కట్ట పొంగితే వేడి సరిపోయినట్టు. గోధుమరంగు తిరిగితే మాడినట్టే. కోసేసి మళ్లీ మొదలుపెట్టాలి. పీవీసీ మాడితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఆ పని గాలాడే చోటే చేయాలి.

అసలు ఓపిక పట్టాల్సింది గన్ ఆపాక. పీపీ చల్లారుతూ స్ఫటికాలు కడుతుంది, కుంచించుకుపోతుంది. తడిగుడ్డ వేస్తే పైపొర ముందే బిగుసుకుని ముక్క వంకర పోతుంది. పూర్తిగా చల్లారేదాకా గ్రైండర్ ముట్టుకోవద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పనికిరాని బంపర్ ముక్క మీద రాడ్ తోక వదిలి వెల్డ్ చేసి, చల్లారాక కటింగ్ ప్లేయర్‌తో లాగి చూడాలి. రాడ్ శుభ్రంగా ఊడొస్తే అతుకు పడలేదు. కింది ప్లాస్టిక్‌ను పెకలించుకుంటూ వస్తే పడినట్టు.