ఒకటో తరగతి దాకా రాని డ్రిల్లు మాస్టారు

ప్రాథమిక పాఠశాలల్లో ఆటల సమయం పెంచాలన్న మాట మళ్ళీ వినిపిస్తోంది. పెంచాల్సిందే. కానీ చాలా బడుల టైమ్‌టేబుల్‌లో ఆటల పీరియడ్ ఎప్పటినుంచో ఉంది. ఆడించే మనిషే లేడు. ఎందుకు లేడన్నది పాత కథ.

మన దగ్గర వ్యాయామ విద్య హైస్కూల్లో మొదలైంది. బ్రిటిష్ కాలంలో మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు డ్రిల్లు మాస్టర్లుగా చేరేవారు. కోడి రామ్మూర్తి నాయుడు గారు అలా వచ్చినవారే. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మల్లయోధుడు, సర్కస్ పెట్టకముందు విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల ప్రారంభించాక ఈ శిక్షణ ఒక పద్ధతిలో పడింది. ఊళ్ళోని చిన్నబడి మాత్రం ఈ లెక్కలోకి రాలేదు. పల్లె పిల్లలు ఎలాగూ ఆడుకుంటారులే అనుకున్నారేమో. తొక్కుడుబిళ్ళకీ చెడుగుడుకీ మాస్టారు అక్కర్లేని రోజులవి.

స్వాతంత్ర్యం వచ్చాక, 1954లో దేశ విభజన శరణార్థుల పిల్లల కోసం జాతీయ క్రమశిక్షణ పథకం మొదలైంది. వ్యాయామ, క్రమశిక్షణ పథకాలను ఒక తాటి మీదికి తేవడానికి 1959లో కుంజ్రూ కమిటీని వేశారు. 1986 జాతీయ విద్యా విధానం క్రీడలూ వ్యాయామమూ చదువులో విడదీయరాని భాగమని రాసింది. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రాథమిక బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లతో పాటు ఆట సామగ్రి కూడా ఉండాలంది. సామగ్రి జాబితాకెక్కింది, మనిషి ఎక్కలేదు.

అసలు పీటముడి పడింది 2009 విద్యాహక్కు చట్టంలో. దాని షెడ్యూలు ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి, ప్రతి తరగతికీ ఆట వస్తువులు ఇవ్వాలి. వ్యాయామ బోధకుడు మాత్రం 6 నుంచి 8 తరగతుల్లో, అదీ 100 మంది దాటితేనే, అదీ పార్ట్‌టైమ్. ఒకటి నుంచి ఐదు వరకు ఆ మాటే లేదు. పిల్లలు 60 మంది లోపుంటే ఇద్దరు టీచర్లు చాలంది. ఇద్దరు మనుషులు, ఐదు తరగతులు. ఒకరు పిల్లల్ని బయటికి తీసుకెళితే మిగతా తరగతులన్నీ రెండో టీచరు నెత్తిన పడతాయి. ఈ పరిస్థితిలో టీచర్లను తప్పుపట్టడం నాకు న్యాయం అనిపించదు.

నేను చూసిన ఒక ప్రాథమిక బడిలో బీరువా పై అరలో ఫుట్‌బాల్ ఉంది. గాలి తగ్గి ఒక పక్క సొట్టపడింది. పంపు లేదు. అది స్టాకు రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు కాబట్టి పోతే జవాబు చెప్పుకోవాలని మేడమ్‌కి టెన్షన్. ఆటల పీరియడ్‌లో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. కిటికీ పక్కన కూర్చున్న పాప మాత్రం పదే పదే ఆ బీరువా వైపే చూస్తోంది.

2018లో వచ్చిన కేంద్ర పథకం సమగ్ర శిక్ష ప్రాథమిక బడికి ఏడాదికి రూ.5,000 క్రీడా గ్రాంటు పెట్టింది. హైస్కూలుకు రూ.25,000 దాకా. అదే ఏడాది సీబీఎస్‌ఈ రోజూ ఒక ఆటల పీరియడ్ తప్పనిసరి చేసినప్పుడు కూడా 9 నుంచి 12 తరగతులతోనే మొదలుపెట్టింది. పరుగు, గెంతు, విసరడం, పట్టుకోవడం ఒంటికి బాగా అబ్బేది పదేళ్ళ లోపే. మనం మాస్టారిని పంపేది ఆ తర్వాత. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో 11–17 ఏళ్ళ పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి రోజుకు గంట కదలిక కూడా లేదు. ప్రాథమిక బడి దాటి వచ్చిన పిల్లలే కదా వీళ్ళంతా!

2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి వ్యాయామ విద్యపై పాఠ్యపుస్తకమే తెచ్చింది. మంచి అడుగే, కానీ ఆ పుస్తకం పట్టుకుని పిల్లల్ని నేల మీదికి దింపేదెవరు? 2020 విద్యా విధానం ఒక దారి చూపింది: ఒక హైస్కూలూ దాని చుట్టుపక్కల చిన్న బడులూ కలిసిన స్కూల్ కాంప్లెక్స్‌లోని బడులన్నీ క్రీడా ఉపాధ్యాయుల్ని పంచుకోవచ్చు. అలాగని హైస్కూలు పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) మీదే ఇంకో నాలుగు బడులు వేస్తే కుదరదు. కాంప్లెక్స్‌కు ఒక పీఈటీని అచ్చంగా చిన్న తరగతుల కోసమే వేసి, వారంలో ఏ రోజు ఏ బడికో ముందే రాసిపెట్టాలి. పీరియడ్లు ఎన్ని పెంచాలన్నది ఆ పోస్టు మంజూరయ్యాక మాట్లాడుకోవచ్చు.