కాటన్ దొరకు దండ వేస్తాం, ఆయన వాదన సంగతో?

గోదావరి పుష్కరాలు దగ్గరపడితే చాలు, ఒక పాత పేచీ మళ్లీ మొదలవుతుంది. తాతముత్తాతలకు పిండాలు పెట్టే రేవులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేరు ఎందుకు తలవాలన్నదే ఆ పేచీ. 'స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం' అని స్నానం వేళ చదివించే పంతుళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన పేరు చెప్పి తర్పణం వదిలే రైతులూ ఉన్నారు. 'ఈస్టిండియా కంపెనీ జీతం తిన్నవాడికి నువ్వులూ నీళ్లూ ఏంటండీ?' అని ఒకరంటే, 'ఆ జీతగాడే రాకపోతే మన మూడెకరాలకు విలువెక్కడిదండీ?' అని ఇంకొకరు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఈసారి ఈ తగువు వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా గట్టిగా నడుస్తుంది.

రెండు పక్షాల వాళ్లూ దండ వేసిన పటాన్నే చూస్తున్నారని నాకు అనిపిస్తుంది. ఆ పటంలో ఉన్న మనిషి యాభై ఏళ్లపాటు ఏమని పోట్లాడాడో ఎవరికీ పట్టలేదు.

ముందు ఆయన రాకముందు సంగతి చూడాలి. గోదావరి జిల్లాలు ఎప్పుడూ పచ్చగానే ఉండేవనుకుంటే పొరపాటు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1841 నాటికి, అది 5,61,041కి పడిపోయింది. 1830ల మొదట్లో కరువు వచ్చింది. 1839లో తుపాను ఉప్పెన కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచేసింది. ఇవి చాలవన్నట్టు నేతపని కూడా దెబ్బతింది. నరసాపురం పక్కన మాధవాయపాలెం, గౌతమి ఒడ్డున ఇంజరం ఒకప్పుడు కంపెనీ వాళ్లు బట్ట కొనే పెద్ద కేంద్రాలు. మాధవాయపాలెం పేరు మీదే ఒక రకం బట్ట ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1830ల్లో కంపెనీ వ్యాపారం మానేసి పాలన మాత్రమే ఉంచుకుంది. ఇంగ్లండు మిల్లు బట్ట ఇటే వచ్చి పడింది. మగ్గం ఆగిన ఇంట్లో పొలం కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది? జనం ఊళ్లు వదిలి వెళ్లిపోయారు.

వీటన్నిటి పక్కనే నిండుగా గోదావరి పారుతోంది. వరద రోజుల్లో ఊళ్లు ముంచుతుంది, వరద తీశాక ఒడ్డుకు అందనంత కిందికి దిగిపోతుంది. సార్వా నాట్లకు కావలసిన నీళ్లు కళ్లెదుటే సముద్రంలో కలిసేవి.

1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి ఈ జిల్లా దుస్థితి మీద మద్రాసు ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. శిస్తు వసూలు పద్ధతిని, జమీందారీల అస్తవ్యస్తాన్ని తప్పుపట్టాడు. నీటి పనులు చేపట్టాలని గట్టిగా చెప్పాడు. ఆ పనికి కుదిరినవాడే ఆర్థర్ థామస్ కాటన్.

1803 మే 15న పుట్టిన కాటన్ పద్దెనిమిదేళ్ల వయసులో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి ఇటు వచ్చాడు. 1830ల్లో కావేరి మీద పనిచేశాడు. ఆయన అసలు చదువు అక్కడే సాగిందనాలి. అడుగు తగలని ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో కరికాల చోళుడి కాలం నాటి కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. ఈ విద్య తమకు ఈ దేశపు పాత కట్టడందార్ల దగ్గరే అబ్బిందని తనే రాసుకున్నాడు కూడా. మన పూర్వీకుల గొప్ప చాటుకోవడానికి ఈ మాట వాడుకోవచ్చు గానీ, అంతకంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కొత్త చోటికి వచ్చిన ఇంజనీరు అక్కడి పాత పనిని దగ్గరకెళ్లి చూశాడు. ఇది అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే.

ధవళేశ్వరాన్నే ఎందుకు ఎంచుకున్నాడో మ్యాపు చూస్తే తెలుస్తుంది. డెల్టా నదికి ఒక తిక్క ఉంటుంది. ఏటా ఒండ్రు మేటవేసి తన ఒడ్డునే ఎత్తు చేసుకుంటుంది. అంటే ఏటి గట్టు మెరక, గట్టుకు దూరంగా పోయేకొద్దీ పల్లం. గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలే ఆ తలదగ్గర నీటిమట్టాన్ని పన్నెండడుగులు లేపగలిగితే చాలు, అక్కణ్నుంచి కాలువల్లో సముద్రం దాకా నీళ్లు వాటంతటవే పారతాయి. ఎత్తిపోయాల్సిన పని లేదు. పైగా అక్కడ నది లంకల మధ్య నాలుగు పాయలుగా ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా నాలుగు ముక్కలు కట్టి, మధ్య లంకల్ని మట్టికట్టలతో కలిపేశారు. రాతి కట్టడం నాలుగు ముక్కలూ కలిపి సుమారు మూడున్నర కిలోమీటర్లు. పక్కనే ధవళేశ్వరం కొండ. రాయి కొట్టి పట్టాల బండ్ల మీద ఏట్లోకి దించారు.

1846 చివర్లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది, 1852లో ముగిసింది. రోజుకు పది వేల మంది దాకా పనిచేసిన సందర్భాలున్నాయి. మధ్యలో కాటన్‌కు ఒంట్లో బాగోక సెలవు మీద వెళ్లిపోతే కెప్టెన్ ఓర్ పని చూసుకున్నాడు. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టినవాడూ ఈ ఓరే.

ఆ పది వేల మందిని పోగుచేసింది, ఏట్లో నిలబెట్టి పని చేయించింది వీణం వీరన్న. కాటన్‌కు సహాయకుడు. కూలీల్ని తేవడం, ఉంచడం, రాయీ సున్నం ఆగకుండా అందేలా చూడడం ఆయన వంతు. కంపెనీ ఇంజనీరు గీసిన బొమ్మకూ, తెల్లారగట్ట తట్టా పలుగూ పట్టుకుని ఏట్లోకి దిగే మనిషికీ మధ్య నిలబడ్డవాడన్నమాట. రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది, ధవళేశ్వరంలో రాతి మీద పేరూ చెక్కారు. 1867లో పోయాడు. అయినా ఊరూరా గుర్రం మీద కాటన్ విగ్రహం కనిపిస్తుంది గానీ, వీరన్న బొమ్మ కోసం వెతుక్కోవాలి. కూలీల పేర్లయితే ఏ రాతి మీదా లేవు. మన్యం నుంచి, మెట్ట నుంచి, ఎండిన మగ్గాల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వాళ్లు.

ఇక కాటన్ వాదన. ఆయన కంపెనీతో దయాధర్మాల భాషలో మాట్లాడలేదు, జమాఖర్చుల భాషలో మాట్లాడాడు. నీటి మీద రూపాయి పెడితే శిస్తు రూపంలో తిరిగొస్తుంది, కరువొస్తే శిస్తూ పోతుంది, మనుషులూ పోతారు అన్నాడు. దేవుడి మీద గట్టి భక్తి ఉన్న క్రైస్తవుడు. మనుషుల ప్రాణాల మీద బెంగ నిజమే. కానీ ఎదుటివాడు వినేది లెక్కలే అని తెలుసు. కాబట్టి 'కంపెనీ తన లాభం కోసమే కట్టించింది' అనే వాళ్ల మాటలో అబద్ధం లేదు. అయితే ఆ లాభం సంగతి కంపెనీకి నూరిపోయడానికే ఈయన ఏళ్ల తరబడి తిట్లు తిన్నాడన్నదీ అంతే నిజం.

రెండో వాదన రైళ్ల మీద. కాలువ అంటే పొలానికి నీళ్లిచ్చేదే కాదు, సరుకు మోసేది కూడా కావాలన్నాడు. డెల్టా కాలువలకు లాకులు పెట్టింది పడవలు ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కి దిగడానికే. లొల్ల లాకుల దగ్గర సినిమా షూటింగులు చూసి మురిసిపోయే వాళ్లలో ఎంతమందికి ఆ తలుపులు పడవల కోసం పెట్టారని తెలుసో! కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిదారి నిజంగానే నడిచింది. ధాన్యం పడవలు, కొబ్బరి పడవలు, పెళ్లివారి పడవలు కూడా. దేశం మొత్తానికీ ఇదే పద్ధతి కావాలని, నదుల్ని కాలువలతో కలపాలని కాటన్ పట్టుబట్టాడు. రైలు ధాన్యాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేస్తుందేగానీ పండించదు కదా అని అడిగాడు.

ఇక్కడ ఆయన ఓడిపోయాడు. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, పై గోదావరిలో పడవలు నడిపించాలన్న భారీ పథకాన్ని బోలెడంత ఖర్చయ్యాక 1871లో వదిలేశారు. 1878లో, దక్షిణాదిని మహా కరువు ఊడ్చేసిన వెంటనే, పార్లమెంటు కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి అడ్డదిడ్డంగా ప్రశ్నించింది. లెక్కల్లో అతి ఉందంది. కొంత అతి ఉండేది కూడా. కాలువల మీద మోజుతో రైలు వేగాన్ని ఆయన సరిగా అంచనా వేయలేదని నాకూ అనిపిస్తుంది. 1899లో చనిపోయేదాకా మాట మార్చలేదు. మరుసటి ఏడాది ఆయన జీవితకథ రాసింది కూతురు లేడీ హోప్. ముసలితనంలో డార్విన్ మతం వైపు మళ్లాడన్న కథ ప్రచారం చేసిందీ ఈవిడే. డార్విన్ పిల్లలు అది ఉత్తదే అన్నారు. తండ్రి గురించి ఈవిడ రాసింది చదివేటప్పుడు ఆ సంగతి కాస్త గుర్తుంచుకోవడం మంచిది.

ఆనకట్ట నీళ్లు పొలాల్లోనే ఆగలేదు. పని జోరుగా సాగుతున్న 1848లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టారు. పాతికేళ్ల తర్వాత ఆయన బడిపంతులుగా వచ్చింది ఈ ధవళేశ్వరానికే. 1874లో ఆడపిల్లల బడి పెట్టిందీ, వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టిందీ అక్కడున్నప్పుడే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి ఆయనకు డబ్బుతో అండగా నిలిచింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. ఊరు వెలివేస్తే తిండికి, లాయరుకు, కొత్త దంపతుల కాపురానికి డబ్బు కావాలి. సంస్కరణ అంటే సభల్లో ఉపన్యాసమే అనుకుంటాం గానీ, దానికీ పెట్టుబడి ఉంటుంది. ఓడరేవుకు సరుకు, బడికి ఫీజు, పత్రికకు చందా ఇవ్వగల జనం తయారైంది ఆనకట్ట తర్వాతి డెల్టాలోనే. నీళ్లొచ్చాయి కాబట్టే వీరేశలింగం వచ్చారంటే అది మరీ తేలిక మాట. నీళ్లు లేని 1841 నాటి రాజమండ్రిలో మాత్రం ఆయన పత్రిక కొనేవాళ్లు దొరికేవారు కాదు.

ఆ డబ్బు అందరికీ చేరిందా అంటే, లేదు. ఆయకట్టు భూమి ధర పెరిగింది, భూమి ఉన్నవాడి ఇల్లు డాబా అయింది. నాట్లు వేసి కోతలు కోసిన మాలమాదిగ పేటలకు కూలే మిగిలింది. 1920ల మొదట్లో గరిమెళ్ల సత్యనారాయణ తెల్ల దొరతనం వద్దని పాట కట్టి జైలుకెళ్లారు. దానికి జవాబా అన్నట్టు రాజమండ్రిలోనే ఆది ఆంధ్ర (దళిత) ఉద్యమకారుడు కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' అని పాడారు. తెల్లవాడు పోతే మా పరిస్థితి మారుతుందా అని ఆయన అడిగింది పచ్చని పొలాల మధ్య నిలబడే. కాటన్ మంచివాడా చెడ్డవాడా అనే తగువులో ఈ ప్రశ్న ఎప్పుడూ పక్కకు పోతుంది. వాదించుకునే రెండు పక్షాలూ సాధారణంగా భూమి ఉన్న ఇళ్లవే కావడం వల్లనేమో.

కట్టడాలకు పెట్టే పేర్లది ఇంకో కథ. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి నగరం లంకకు నీళ్లిచ్చే గన్నవరం అక్విడక్టును 1850ల్లో కట్టింది హేగ్ అనే యువ ఇంజనీరు. నలభై తొమ్మిది ఆర్చీల మీద నీళ్లు, కింద ఏరు. అది పాతబడ్డాక పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళకు వచ్చినవాడికైనా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. 1841లో పుట్టి 1909లో పోయారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. నన్నడిగితే ఇది మంచి ఎంపికే.

పాత ఆనకట్ట బలహీనపడ్డాక దాని ఎగువన 175 గేట్లతో బ్యారేజీ కట్టి 1982లో పూర్తిచేశారు. దానికి కాటన్ పేరే పెట్టారు. దాని కింద పది లక్షల ఎకరాలకు పైగా తడుస్తోంది. అయితే నీళ్లు తేవడం మీద పెట్టిన శ్రద్ధ నీళ్లు తీసేయడం మీద ఎప్పుడూ లేదు. 1960ల్లోనే మిత్రా కమిటీ మురుగు కాల్వల సంగతి విడమరిచి చెప్పింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చుతో పాటు ముంపు కూడా పెద్ద కారణం. అన్నపూర్ణ అని పిలుచుకునే చోట రైతే సాగు మానేస్తానన్నాడు. కాటన్ బతికుంటే, ఖర్చు ఇంత, రాబడి ఇంత అని లెక్క వేసి ఎవరి బల్ల మీదో పడేసేవాడు.

వేసవిలో కాలువలు కట్టేసే ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులకు రిపేర్లు చేయాలి, డ్రైన్ల గట్లు వేయాలి. టెండర్లు ఆలస్యమైతే నీళ్లు వదిలే రోజుకు పని సగంలో ఉంటుంది. అప్పుడు ఎగువ రైతుకు పెద్దగా తేడా తెలియదు. శివారు ఆయకట్టు రైతు మాత్రం నారుమడికి నీళ్లు చాలక, కాలువ నీళ్లు చూసుకునే లస్కరుకు ఫోన్ చేస్తూ కూర్చుంటాడు, ఆగస్టు వానలకు అదే పొలంలో నడుం లోతు నీళ్లు ఎటు పంపాలో తెలియక గట్టు మీద నిలబడతాడు.