రెట్టింపు చేసి ముప్ఫై కలిపితే ఎందుకు తప్పుతుంది?

37 డిగ్రీల సెల్సియస్ ఫారెన్‌హీట్‌లో ఎంత? నోటి లెక్కగా చాలామంది రెట్టింపు చేసి 30 కలుపుతారు. 74కి 30 కలిస్తే 104. ఒళ్లు కాలిపోయే జ్వరమన్నమాట! అసలు జవాబు 98.6, ఏ జబ్బూ లేని మనిషి ఒంటి వేడి. ఇదే కిటుకును 10 డిగ్రీల దగ్గర వాడి చూడండి, 50 వస్తుంది. అది మాత్రం అచ్చంగా సరైనదే. ఒకచోట గురి కుదిరి ఇంకోచోట ఎందుకు తప్పిందో సరళరేఖ వాలు, అంటే రేఖ ఎంత నిటారుగా ఎక్కుతుందో చూపే సంఖ్య, చెబుతుంది.

నీరు గడ్డకట్టేది 0 సెల్సియస్‌లో, అంటే 32 ఫారెన్‌హీట్. మరిగేది 100లో, అంటే 212. సెల్సియస్‌ను అడ్డంగా, ఫారెన్‌హీట్‌ను నిలువుగా తీసుకుంటే రెండు బిందువులు దొరికాయి: (0, 32), (100, 212). నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగిస్తే వాలు: (212 − 32) ÷ (100 − 0) = 1.8. అడ్డం విలువ సున్నా అయినప్పుడు రేఖ నిలువు అక్షాన్ని 32 దగ్గర తాకుతుంది కాబట్టి అంతరఖండం 32. సమీకరణం: ఫా = 1.8 సె + 32. రెండో బిందువుతో మొదలుపెట్టినా ఫా − 212 = 1.8 (సె − 100) అని రాసి విప్పితే ఇదే వస్తుంది. జవాబు సరిచూసుకోవడానికి ఇదొక దారి.

తీసివేతలో పైన ఒక వరుస, కింద ఇంకో వరుస పాటిస్తే, అంటే పైన 212 − 32 అని, కింద 0 − 100 అని రాస్తే, వాలు −1.8 అవుతుంది. వేడెక్కేకొద్దీ ఫారెన్‌హీట్ తగ్గుతుందని దాని అర్థం. తమాషా ఏమిటంటే, స్వీడన్ శాస్త్రవేత్త సెల్సియస్ 1742లో ప్రతిపాదించిన కొలమానంలో నీరు మరిగేది 0 దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర. ఆ తలకిందుల కొలమానానికి వాలు నిజంగానే −1.8!

ఇక కిటుకు సంగతి. అదీ ఒక సరళరేఖే: ఫా = 2 సె + 30. రెండు సమీకరణాలనూ సమానం చేస్తే 0.2 సె = 2, అంటే సె = 10. రెండు రేఖలూ కలిసేది అక్కడొక్కచోటే. అక్కణ్నుంచి జరిగే ప్రతి డిగ్రీకీ 0.2 చొప్పున తేడా పెరుగుతుంది. 37 దగ్గర 27 × 0.2 = 5.4. ఎండాకాలం 45 డిగ్రీల రోజున 113కి బదులు 120 చెబుతుంది. వాలును సరిచేస్తే కిటుకూ బాగుపడుతుంది: రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదోవంతు తీసేసి, 32 కలపండి. 45కి 90, 9 పోతే 81, 32 కలిస్తే 113.

తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. జ్వరం 2 డిగ్రీల సెల్సియస్ పెరిగిందంటే ఫారెన్‌హీట్‌లో ఎంత పెరిగినట్టు? సూత్రంలో 2 వేసేసి 35.6 అనేవాళ్లున్నారు. రెండు విలువల తేడా తీసినప్పుడు 32లోంచి 32 పోతుంది, మిగిలేది వాలు ఒక్కటే: 1.8 × 2 = 3.6. పెరుగుదలకు వాలు చాలు, విలువకు అంతరఖండం కూడా కావాలి.

వెనక్కి మార్చేటప్పుడు క్రమం ముఖ్యం: సె = (5/9)(ఫా − 32). ముందు 32 తీసేయాలి. బ్రాకెట్ మరిచి ముందే గుణిస్తే 98.6 కాస్తా దాదాపు 22.8 అయిపోతుంది. పరీక్షల్లో ఇదే రేఖను 9 సె − 5 ఫా + 160 = 0 అని ఇచ్చి వాలు అడుగుతారు. కంటికి కనిపించిన 9 రాసేస్తే మార్కు పోయినట్టే. 5 ఫా = 9 సె + 160 అని మార్చి, మొత్తాన్నీ 5తో భాగించాకే వాలు 9/5 అని తేలుతుంది.

గ్రాఫు గీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. వాలు 1.8 అంటే అడ్డం అక్షంతో కోణం సుమారు 61 డిగ్రీలు, కానీ రెండు అక్షాల మీదా ఒకే స్కేలు ఉంటేనే. అడ్డంగా ఒక గడికి 10, నిలువుగా ఒక గడికి 18 తీసుకుంటే ఇదే రేఖ 45 డిగ్రీలకు పడుకుంటుంది. అందుకే కోణమానిని పక్కనపెట్టి, రేఖ మీద బాగా ఎడంగా ఉన్న రెండు బిందువుల విలువలు చదివి వాలు కట్టాలి. దగ్గరి బిందువులు తీసుకుంటే అరగడి పొరపాటు కూడా వాలును గట్టిగా మార్చేస్తుంది.