మతిమరుపుకి ఏ గీత గీయాలి?

చదివింది ఎంత స్పీడుగా మర్చిపోతామో పద్ధతిగా కొలవడం మొదలుపెట్టింది జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్, ప్రయోగం కూడా తన మీద తనే చేసుకున్నాడు, అర్థంపర్థం లేని అక్షరాల ముక్కల్ని బట్టీ పట్టి, కొంత టైమ్ అయ్యాక మళ్లీ బట్టీ పడితే మొదటిసారి కన్నా ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కేసేవాడు. 1885లో వేసిన పుస్తకంలో ఆ ఆదా 20 నిమిషాలకి 58.2 శాతం, దాదాపు గంటకి 44.2, రోజుకి 33.7, 31 రోజులకి 21.1.

ఈ అంకెల్ని గ్రాఫ్ మీద చుక్కలుగా పెడితే, వాటి మీదుగా ఏ గీత గీయాలి అన్నదే గొడవ. ఎక్స్‌పొనెన్షియల్ అయితే ప్రతి గంటా మిగిలినదాంట్లో అదే వంతు పోతుంది, చక్రవడ్డీని తిరగేసినట్టు. కానీ 20 నిమిషాల నుంచి గంట దాకా పోయిన లెక్కనే పోతూ ఉంటే రోజు తిరిగేసరికి దాదాపు సున్నా మిగలాలి, ఈయనకేమో మూడో వంతు మిగిలింది! పవర్ లా అయితే జ్ఞాపకం పాతబడేకొద్దీ మర్చిపోయే వేగం కూడా తగ్గుతుంది, అది ఇక్కడ బాగానే అతుకుతుంది.

సరే పవర్ లా గెలిచింది అనుకుంటాం కదా, ఇక్కడే ఒక కిటుకుంది, నాకైతే ఈ సబ్జెక్ట్ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. ఇద్దరున్నారనుకోండి, ఒకడు రోజూ సగం మర్చిపోతాడు, ఇంకొకడు రోజూ పదో వంతే, ఇద్దరిదీ పక్కా ఎక్స్‌పొనెన్షియల్. యావరేజ్ తీయండి: 100, 70, 53, 43. మొదటి రోజు 30 శాతం పోయింది, తర్వాత ఉన్నదాంట్లో 24, తర్వాత 19, అంటే వేగం తగ్గుతోంది, అచ్చం పవర్ లా లాగే! ఇద్దరిలో ఎవరి బుర్రలోనూ లేని గీత యావరేజ్‌లో పుట్టుకొచ్చింది. ప్రాక్టీస్‌తో పని స్పీడు పెరగడం విషయంలోనూ ఇదే కథ, 1981లో న్యూవెల్, రోజెన్‌బ్లూమ్ అనే పరిశోధకులు పవర్ లా అన్నారు, 2000లో హీత్‌కోట్ బృందం మనిషికి మనిషి విడిగా చూస్తే ఎక్స్‌పొనెన్షియలే మేలు అని తేల్చింది. (ఎబ్బింగ్‌హాస్ ఒక్కడే కదా అంటారా, ఆయనవీ బోలెడు లిస్టుల సగటులే.) అందుకే ఇప్పుడు హైరార్కికల్ మోడల్స్ వాడతారు, ప్రతి మనిషికీ సొంత గీత ఉంటుంది, డేటా తక్కువున్న వాడికి మాత్రం గుంపు నుంచి కాస్త సాయం అందుతుంది.

ఇక ఎన్ని గీతలు పోటీకి పెట్టొచ్చు అంటే, 1996లో రూబిన్, వెంజెల్ అనే పరిశోధకులు 210 డేటా సెట్లకి 105 ఫంక్షన్లు (గీతల ఫార్ములాలు) పెట్టి చూశారు, నాలుగు రకాలు బాగా అతికాయి కానీ వాటిలో ఏది బెస్టో తేలలేదు. పారామీటర్లు, అంటే ఫార్ములాలో మనం సర్దుకోగలిగే అంకెలు, పెంచితే ఏ గీతైనా అతుకుతుంది, కాబట్టి మోడల్స్‌ని పోల్చడానికి ఏఐసీ, బీఐసీ అని రెండు స్కోర్లున్నాయి, ఏఐసీ ఒక్కో పారామీటర్‌కి 2 పాయింట్లు ఫైన్ వేస్తుంది, బీఐసీ డేటా సైజుని బట్టి వేస్తుంది, డేటాలో చుక్కలు 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఏఐసీ కన్నా గట్టిగానే. కానీ రెండు మోడల్స్‌కీ పారామీటర్లు సమానమైతే ఫైన్ కూడా సమానమే, ఎక్కువ వంగే మోడల్‌కి ఆ వంగుడు ఫ్రీ. అప్పుడు కంప్యూటర్‌లో ఒక మోడల్‌తో దొంగ డేటా తయారుచేసి రెండూ ఫిట్ చేస్తారు, తప్పుడు మోడల్ గెలుస్తుంటే ఆ ప్రయోగం పనికిరాదన్నట్టే, పరీక్ష పెట్టే టైములే మార్చుకోవాలి, రెండు గీతలూ బాగా విడిపోయే చోటికి.