ఇంటి యుద్ధంలోకి పరాయి సైన్యం: ఒక పాత ప్రశ్న పూర్వాపరాలు

ఒక దేశ ప్రజలు రెండు పక్షాలై ఆయుధాలు పట్టినప్పుడు మరో దేశం తన సైన్యాన్ని అక్కడికి పంపవచ్చునా అన్న చర్చ 2011లో లిబియా, సిరియాల విషయంలోనూ, 2015లో యెమెన్ విషయంలోనూ, 2023 ఏప్రిల్ తరువాత సూడాన్ విషయంలోనూ మళ్ళీ మళ్ళీ లేచింది. దీన్ని దూరదేశాల వ్యవహారంగా చూడటం మనకు అలవాటు. అరబ్బు దేశాలకు పనికి వెళ్ళినవారి కుటుంబాలు ఉదయగిరి, ఆత్మకూరు వైపు, సైన్యంలో చేరిన బిడ్డలున్న ఇళ్ళు గిద్దలూరు, కంభం వైపు ఉన్నంతకాలం అది అంత దూరపు సంగతి కాదు. చరిత్రలోకి వెళితే మరీ దగ్గరిది. ఇంటి తగవులోకి పరాయి సేన వచ్చి తీర్పు చెప్పడమంటే ఏమిటో నెల్లూరు సీమ కనీసం రెండుసార్లు స్వయంగా చూసింది.

మొదటిది 13వ శతాబ్దం నడుమ జరిగింది. నెల్లూరు ఏలుతున్న తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధిని జ్ఞాతులైన అక్కన, బయ్యనలు గద్దె దింపి వెళ్ళగొట్టారు. ఆయన మంత్రి తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్ళి కాకతీయ గణపతిదేవుణ్ణి సాయం కోరాడనీ, కాకతీయ సేనలు వచ్చి అక్కన, బయ్యనలను ఓడించి మనుమసిద్ధిని తిరిగి గద్దె ఎక్కించాయనీ ‘సిద్ధేశ్వర చరిత్ర’ చెబుతుంది. మహాభారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన కవిగా మనం నిత్యం తలచుకునే తిక్కన, ఈనాటి మాటల్లో చెప్పాలంటే, పదవి కోల్పోయిన ప్రభుత్వం తరఫున విదేశీ సైనిక సహాయం కోరిన రాయబారి. ఆ జోక్యానికి ఇప్పటి న్యాయవాదులు అడిగే లక్షణాలన్నీ ఉన్నాయి. పిలిచినవాడు హక్కుగల రాజు, వచ్చినవాడు సమర్థుడు, పని త్వరగానే ముగిసింది.

ఆ తరువాత జరిగినది అంత సులభంగా మెచ్చుకోదగినది కాదు. నెల్లూరు ఓరుగల్లు నీడలోకి వెళ్ళింది. దక్షిణాన మధుర పాండ్యులు బలపడుతున్న కాలమది. కొద్ది ఏళ్ళకే జటావర్మ సుందర పాండ్యుడు ఉత్తరానికి దండెత్తి వచ్చి, ముత్తుకూరు దగ్గర తెలుగు సేనలను ఓడించి, నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. ఓరుగల్లు అండ తీసుకున్నందువల్లనే పాండ్యుడు వచ్చాడని చెప్పడం తప్పవుతుంది. అతని లక్ష్యం అంతకంటే పెద్దది. అయితే అన్నదమ్ముల పిల్లల మధ్య పుట్టిన తగవు రెండు పెద్ద రాజ్యాల సరిహద్దు తగవులో కలిసిపోయిందన్నది నిజం. తిక్కన భారతంలోని యుద్ధంలో కూడా దాయాదుల పోరుకు దేశదేశాల రాజులు తరలివచ్చి పదకొండు అక్షౌహిణులు ఒకవైపు, ఏడు ఒకవైపు నిలుస్తారు. ఇరుపక్షాలూ తనవారేనని పక్కకు తప్పుకొని తీర్థయాత్రకు వెళ్ళిన బలరాముడు ఆ యుద్ధాన్ని ఆపలేకపోయాడు కూడా. వెళ్ళడం, వెళ్ళకపోవడం రెండూ తేలిక కాదని తెలుగు పాఠకుడికి ఆనాటి నుంచే తెలుసు.

రెండవ అనుభవం మరింత చేదుది. దాని పత్రాలు కూడా మిగిలాయి గనుక కొంచెం నిలిచి చూడాలి. 18వ శతాబ్దంలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేవి. 1749 ఆగస్టులో అంబూరు యుద్ధంలో నవాబు అన్వరుద్దీన్ మరణించాక గద్దె కోసం చందా సాహెబు ఒకవైపు, అన్వరుద్దీన్ కుమారుడు మహమ్మదలీ ఒకవైపు నిలిచారు. చందా సాహెబు వెనుక పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి కంపెనీ గవర్నరు డూప్లే, మహమ్మదలీ వెనుక మద్రాసు నుంచి ఈస్టిండియా కంపెనీ చేరాయి. రెండు వర్తక సంస్థలూ తాము న్యాయమైన వారసుడికి సాయపడుతున్నామనే చెప్పుకున్నాయి. 1752లో చందా సాహెబు హతుడయ్యాడు, మహమ్మదలీ నిలిచాడు. ఆ తగవు నెల్లూరుకూ పాకింది. నెల్లూరు ఫౌజుదారుగా (సైనిక పాలకుడిగా) ఉన్న మహమ్మదలీ సోదరుడు నజీబుల్లా 1757లో అన్నపై తిరగబడగా, నవాబు తరఫున కంపెనీ అధికారి ఫోర్డ్ వచ్చి నెల్లూరు కోటను ముట్టడించి విఫలుడయ్యాడు. నజీబుల్లా కొంతకాలం ఫ్రెంచివారి పక్షం వహించి, 1759లో వారు మద్రాసు ముట్టడి విడిచి వెనుదిరిగాక ఇంగ్లీషువారితో రాజీపడి తన పదవి తిరిగి పొందాడు. పాలకులు రాజీపడ్డారు గాని, ముట్టడి వేసిన సేనకూ, కోటలోని సేనకూ తిండి పెట్టినవారు పెన్నా ఒడ్డు రైతులు.

నవాబు గెలుపు ఖరీదు ఆ తరువాత తేలింది. కంపెనీ సైన్యం ఖర్చు నవాబు ఖాతాలో అప్పుగా పేరుకుపోయింది. దానికి తోడు మద్రాసులోని ఇంగ్లీషు ఉద్యోగులు వ్యక్తిగతంగా వడ్డీలకిచ్చిన అప్పులు. ఈ ‘ఆర్కాటు నవాబు బాకీలు’ ఎంత పెద్ద కుంభకోణమంటే 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో వాటి మీదే సుదీర్ఘంగా ప్రసంగించాడు. 1781లో రాజ్యపు శిస్తు వసూలును కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. చివరకు 1801 జూలై ఒప్పందంతో కర్ణాటక రాజ్యమంతా, నెల్లూరు, ఒంగోలులతో సహా, కంపెనీ పాలనలోకి పోయింది. నవాబును కాపాడటానికి వచ్చిన సైన్యం యాభై ఏళ్ళలో నవాబుగిరీనే మింగింది.

ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు తోచిన మాట ఒకటి ఉంది. సైన్యం వెళ్ళడం న్యాయమా కాదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే మన చర్చలు ఆగిపోతాయి. పిలిచినవాడికి ఆ దేశం తరఫున పిలిచే అధికారం ఉందా, ఖర్చు ఎవరు భరిస్తారు, వచ్చిన సైన్యాన్ని వెళ్ళిపొమ్మనే హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు లేనప్పుడు ఎంత మంచి సంకల్పమైనా ఆ దేశ ప్రజలకు కీడుగా పరిణమించిందనే చరిత్ర చెబుతోంది.

ఆధునిక అంతర్జాతీయ న్యాయం ఈ ప్రశ్నల దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు 27 ఐరోపా దేశాలు జోక్యం చేసుకోబోమని ఒప్పుకొని లండన్‌లో ఒక సంఘం పెట్టుకున్నాయి. ఆ ఒప్పందంలో ఉన్న జర్మనీ, ఇటలీలే తిరుగుబాటు సేనాని ఫ్రాంకో పక్షాన విమానాలూ సేనలూ పంపాయి. సోవియట్ యూనియన్ రిపబ్లిక్ ప్రభుత్వానికి ఆయుధాలు పంపింది. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణాన్ని జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులతో ధ్వంసం చేశాయి. మాట నిలబెట్టుకున్న దేశాల సంయమనం చివరకు మాట తప్పినవారికే మేలు చేసింది. జోక్యం వద్దనేవారు ఈ ఉదాహరణను దాటవేయకూడదు.

1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ మరో దేశంపై బలప్రయోగాన్ని నిషేధించి, ఆత్మరక్షణకూ భద్రతా మండలి అనుమతికీ మాత్రమే చోటిచ్చింది. అంతర్యుద్ధం గురించి అందులో విడిగా ఏమీ లేదు. 1975లో వీస్‌బాడెన్‌లో సమావేశమైన అంతర్జాతీయ న్యాయ సంస్థ అనే న్యాయ పండితుల సంఘం, అంతర్యుద్ధంలో ఏ పక్షానికీ బయటి దేశాలు సైనిక సాయం చేయరాదని తీర్మానించింది. 1986లో నికరాగువా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం తిరుగుబాటుదారులకు అమెరికా చేసిన సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. ప్రభుత్వం పిలిస్తే వెళ్ళవచ్చన్న వాదన మాత్రం నిలిచే ఉంది. 1979 డిసెంబరులో అఫ్ఘానిస్తాన్‌లో అడుగుపెట్టిన సోవియట్ యూనియన్ కూడా ఆ ప్రభుత్వమే తనను పిలిచిందని చెప్పింది. రాగానే ఆ ప్రభుత్వాధినేత హఫీజుల్లా అమీన్‌ను చంపింది.

మన దేశం విషయానికి వస్తే, రెండు అనుభవాలు ఎదురెదురుగా నిలుస్తాయి. 1971 మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం మొదలుపెట్టిన హత్యాకాండ వల్ల సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశానికి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన విమానాశ్రయాలపై దాడి చేశాక పూర్తి యుద్ధం మొదలై, 16న ఢాకాలో 93,000 మంది లొంగుబాటుతో ముగిసింది. ఇవాళ అందరూ మెచ్చుకునే ఆ చర్యను ఆనాడు లోకం మెచ్చలేదు. కాల్పులు విరమించి సేనలను వెనక్కు తీసుకోవాలని డిసెంబరు 7న సమితి సర్వసభ్య సమావేశం 104 ఓట్లతో కోరగా వ్యతిరేకించినవి 11 దేశాలే. ఆ ఓటు కంటే ముఖ్యమైనది నాకు మరొకటి. 1972 మార్చికల్లా భారత సేన బంగ్లాదేశ్ విడిచి వచ్చేసింది. వెళ్ళిపొమ్మనగల ప్రభుత్వం అక్కడ ఏర్పడింది, అది అడిగింది, మనం వచ్చాం. 1978 చివర్లో కంబోడియాలోకి వెళ్ళి పోల్‌పాట్ మారణకాండకు తెరదించిన వియత్నాం 1989 దాకా తిరిగి రాలేదు. అది చేసిన మేలును కంబోడియాలోనే ఎందరో మరిచిపోవడానికి కారణం ఆ పదేళ్ళే.

శ్రీలంకలో జరిగినది దీనికి విరుద్ధం. 1983 జూలై హత్యాకాండ తరువాత తమిళుల పట్ల మన దేశంలో కలిగిన వేదన నిజమైనదే. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం శాంతి పరిరక్షక దళం జాఫ్నాకు వెళ్ళింది. అక్కడ పోరాడుతున్న ఎల్‌టీటీఈ ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. అక్టోబరు నాటికి తమిళులను రక్షించడానికి వెళ్ళిన సైన్యం తమిళ సాయుధులతోనే యుద్ధంలో చిక్కుకుంది. మరోవైపు సింహళులలో అదే సైన్యం ఆక్రమణదారుగా కనిపించి సింహళ వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటుకు ఊపునిచ్చింది. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన దళాన్ని వెళ్ళిపొమ్మన్నాడు, అంతటితో ఆగక ఎల్‌టీటీఈకి ఆయుధాలు సైతం ఇచ్చాడు. 1990 మార్చి 24న చివరి దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. మూడు నెలలకే యుద్ధం మళ్ళీ మొదలై 2009 మే వరకు సాగింది. రెండు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం, యుద్ధంలో ఉన్నవారి సమ్మతి కాదు. ఈ తేడా తెలియక కాదు, దాన్ని తేలికగా తీసుకున్నందువల్ల అంతమంది చనిపోయారు.

అలాగని ఎన్నడూ ఎవరూ వెళ్ళరాదని చెప్పడానికి నాకు నోరు రాదు. 1994 ఏప్రిల్‌లో రువాండాలో టుట్సీల ఊచకోత మొదలైనప్పుడు భద్రతా మండలి అక్కడి శాంతి దళాన్ని పెంచకుండా 270 మందికి తగ్గించింది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. మరుసటి ఏడు జూలైలో సమితి రక్షణ ప్రాంతమని ప్రకటించిన బోస్నియా పట్టణం స్రెబ్రెనిత్సాలో డచ్ సైనికుల కళ్ళెదుటే పట్టుకుపోయిన దాదాపు 8,000 మంది పురుషులు, బాలురు చంపబడ్డారు. ఆ సిగ్గులోంచే 2005 సమితి శిఖరాగ్ర సమావేశంలో ‘రక్షించే బాధ్యత’ అన్న సూత్రం పుట్టింది. తన ప్రజలను మారణహోమం నుంచి కాపాడలేని, కాపాడని రాజ్యం స్థానంలో భద్రతా మండలి ద్వారా లోకం చర్య తీసుకోవచ్చని దాని సారం. వీటో ఉన్న అయిదు దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా అది కాగితం మీదే ఉండిపోతుందన్న లోపం మొదటి నుంచీ ఉంది, సిరియా విషయంలో అదే జరిగింది.

ఆ సూత్రాన్ని సైనికంగా పెద్ద ఎత్తున వాడిన చోటు లిబియా. బెంఘాజీ ప్రజలను గడాఫీ సేనల నుంచి కాపాడాలని 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. అనుకూలంగా పది ఓట్లు పడ్డాయి. భారత్, బ్రెజిల్, చైనా, జర్మనీ, రష్యాలు తటస్థంగా నిలిచాయి. అప్పటికే అక్కడి నుంచి 15,000 మందికి పైగా భారతీయులను మన ప్రభుత్వం తరలించింది. పౌరులను కాపాడటమనే పరిమిత పని కొద్ది వారాల్లోనే ప్రభుత్వాన్ని కూల్చే పనిగా మారింది. అక్టోబరు 20న గడాఫీ హతుడయ్యాడు, 31న నాటో తన పని ముగిసిందని ప్రకటించింది. నేలపై సైన్యం లేదు గనుక ఆక్రమణ అన్న నింద రాలేదు. కూలిన రాజ్యం స్థానంలో మరో రాజ్యాన్ని నిలబెట్టే భారం కూడా ఎవరిమీదా పడలేదు. 2014 నాటికి దేశం ట్రిపోలీ, తూర్పు లిబియా అని రెండుగా చీలింది. తూర్పు సేనాని హఫ్తార్ పక్షాన యూఏఈ, ఈజిప్టు, రష్యన్ కిరాయి సైనికులు నిలవగా, ట్రిపోలీ ప్రభుత్వం పిలుపుపై 2020లో టర్కీ వచ్చింది. 2020 అక్టోబరు 23న జెనీవాలో కుదిరిన కాల్పుల విరమణ ఒప్పందంలో రెండు పక్షాల లిబియన్లూ కలిసి ఒక షరతు రాశారు: విదేశీ సాయుధులందరూ మూడు నెలల్లో దేశం విడిచి వెళ్ళాలి. 2021 జనవరిలో ఆ గడువు ముగిసింది; టర్కీ సైనికులు పశ్చిమాన, రష్యన్లు తూర్పున అలాగే ఉండిపోయారు.