భీమవరం బుర్ర, బిళ్ళగన్నేరు ఆకు, పిల్లల బ్లడ్ క్యాన్సర్

పిల్లలకి వచ్చే బ్లడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఏ.ఎల్.ఎల్. (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అనే రకం. దాని మందుల చీటీ చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే, ఎందుకంటే అందులో ముఖ్యమైనవి చాలావరకు తాతల కాలం నాటివి. మెథోట్రెక్సేట్, 6-మెర్కాప్టోప్యూరిన్, విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్... 1960ల మధ్యకల్లా ఇవన్నీ డాక్టర్ల చేతిలో ఉన్నాయి. ఆ దశాబ్దం మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో అయిదేళ్ళు బతికేది పదిమందికి ఒకరంటే కూడా అనుమానమే. ఇప్పుడు వైద్యం బాగా అందే దేశాల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. పెద్దగా కొత్త మందులు రాకుండానే ఇదెలా జరిగింది?

మొదలు మాత్రం ఒక పొరపాటు. 1940లలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు, కొన్ని రకాల రక్తహీనతకి పనిచేస్తున్న ఫోలిక్ ఆమ్లం (ఫోలేట్ అనే విటమిన్ రకం) లుకేమియాకి కూడా పనికొస్తుందేమోనని ఇచ్చి చూశాడు. మేలు మాట దేవుడెరుగు, జబ్బు ఇంకా ఊపందుకుంది. వేరేవాళ్ళయితే అక్కడితో వదిలేసేవాళ్ళేమో, ఈయన మాత్రం ఫోలేట్ దొరికితే ఈ కణాలు రెచ్చిపోతున్నాయి కదా, మరి దొరక్కుండా చేస్తే ఏమవుతుందని తిరగేసి ఆలోచించాడు. కణం రెండవ్వాలంటే ముందు డీఎన్ఏకి నకలు తీయాలి, దానికి ఫోలేట్ కావాలి. అచ్చం ఫోలేట్‌లా ఉండే నకిలీ పదార్థం ఒకటి పంపిస్తే, ఫోలేట్‌ని వాడకానికి సిద్ధం చేసే ఎంజైమ్ ఆ నకిలీని పట్టుకుని ఇరుక్కుపోతుంది, తప్పు తాళంచెవి లోపలే విరిగిపోయిన తాళంలాగా.

ఆ నకిలీని తయారుచేసి ఇచ్చింది అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. అవును, భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారే. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయన ఫోలిక్ ఆమ్లం వెంటపడటానికి అదీ ఒక కారణమంటారు. 1948 జూన్‌లో ఫార్బర్ తన లెక్క ప్రచురించాడు: అమినోప్టెరిన్ అనే ఆ నకిలీ మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కానీ నిలవలేదు, కొన్ని వారాలకో నెలలకో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు, 53 ఏళ్ళకి. ఆ మందుకి తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇక విన్‌క్రిస్టిన్ వచ్చింది మన పెరట్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి. షుగర్‌కి మంచిదని ఆ ఆకు నమిలేవాళ్ళు మన దగ్గర ఉన్నారు కదా, కెనడాలో పరిశోధకులు కూడా మొదట షుగర్ కోసమే పరీక్షించారు. షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి, లుకేమియాలో అదుపు తప్పి పెరిగేవీ అవే. (దయచేసి ఇది చదివి ఎవరూ ఆకు కషాయం కాచకండి, అది విషం.)

ఒక్కో మందు విడిగా ఇస్తే తప్పించుకున్న కణాలు మళ్ళీ పెరుగుతాయి. అందుకని 1960లలో అమెరికాలో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు నాలుగు మందులూ కలిపి ఇచ్చారు. పసిపిల్లల మీద ఇంత దారుణమా అని తోటి డాక్టర్లే తిట్టారట. రక్తం శుభ్రమైంది, కానీ కొన్నాళ్ళకి జబ్బు మెదడు వైపు నుంచి తిరిగొచ్చింది, ఎందుకంటే రక్తంలో తిరిగే మందు అక్కడికి సరిగా చేరదు. మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం ముందే తలకి రేడియేషన్ పెట్టి, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించడం మొదలుపెట్టింది. దాంతో సగంమంది దాకా నిలబడ్డారు. రేడియేషన్ వల్ల పిల్లల చదువు, ఎదుగుదల దెబ్బతింటున్నాయని తర్వాత తెలిసి చాలామందికి దాన్ని మానేశారు. వెన్నులో ఇంజెక్షన్ మాత్రం అలాగే ఉంది.

నా దృష్టిలో తర్వాతి పెద్ద అడుగు మందు కాదు, కొలత. మొదటి నెల చివర మైక్రోస్కోపులో ఏమీ కనిపించని ఎముక మజ్జలో కూడా పదివేల కణాలకి ఒక్క చెడ్డ కణం ఉన్నా పట్టుకునే పరీక్ష వచ్చింది, ఎం.ఆర్.డి. అంటారు. అది చూసి ఎవరికి మందు పెంచాలో, ఎవరికి తగ్గించవచ్చో తేలుస్తారు. ఇంకోటి, 6-మెర్కాప్టోప్యూరిన్ అందరికీ ఒకే మోతాదు పడదు. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్న పిల్లలకి మామూలు మోతాదుకే రక్తకణాల కౌంట్స్ దారుణంగా పడిపోతాయి, ఈ తేడా తెల్లవాళ్ళలో కంటే మన ఆసియా వాళ్ళలో ఎక్కువ.

మన దగ్గర అసలు చిక్కు వేరే చోట ఉంది. వైద్యం రెండేళ్ళకి పైనే సాగుతుంది, బిడ్డ మూడో నెలకే ఆడుకుంటూ కనిపిస్తాడు, బస్సు చార్జీలు, కూలి పోవడం, ఇంట్లో ఇంకో బిడ్డ... మధ్యలో మానేసేవాళ్ళని తప్పుపట్టడం నాకు చేతకాదు. కానీ ఆ ఆడుకునే నెలల్లో మింగే మాత్రలే మిగిలిన కణాలని చంపుతాయి.

కొత్త మందులు రాలేదని కాదు. బ్లినాటుమోమాబ్ ఒక చేత్తో క్యాన్సర్ కణాన్ని, ఇంకో చేత్తో శరీరంలోని టి కణాన్ని (జబ్బులతో పోరాడే తెల్లకణం) పట్టుకుని రెండింటినీ పక్కపక్కన నిలబెడుతుంది, మిగతా పని టి కణమే చూసుకుంటుంది. ఒంట్లో గంటల్లోనే కరిగిపోతుంది కాబట్టి 28 రోజులు ఆగకుండా ఎక్కించాలి, పిల్లలు చిన్న పంపుని బ్యాగులో పెట్టుకుని భుజాన వేసుకు తిరుగుతారు. జబ్బు తిరగబెట్టే ప్రమాదం మధ్యస్థంగానో, కాస్త ఎక్కువగానో ఉన్న పిల్లల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. మామూలు కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నది 87.9 శాతం, దానికి ఈ మందు కలిపినవాళ్ళలో 96 శాతం. ఆ రెండో గుంపు పిల్లలకీ కీమోలో మెథోట్రెక్సేట్ తప్పలేదు.